వెస్ట్‌మినిస్టర్‌లో బాగుచేయకుండా వదిలేసిన చరిత్ర

బ్రిటిష్ పార్లమెంటు దగ్గరున్న పాత వస్తువుల్లో అందరి చూపూ ముందు రాజదండం మీదే పడుతుంది. వెండితో చేసి బంగారు పూత పూసిన ఆ దండం బల్ల మీద లేకపోతే దిగువ సభ, అంటే హౌస్ ఆఫ్ కామన్స్, చట్టబద్ధంగా సమావేశం కాలేదు. ఇంత ప్రాముఖ్యం ఉన్నా, మార్చడానికి వీల్లేని వస్తువేం కాదది. 1649లో మొదటి చార్లెస్ రాజు తల తీశాక సభ తన కోసం కొత్త దండం చేయించుకుంది. 1660లో రాజరికం తిరిగొచ్చాక దాన్ని తీసేసి మళ్లీ ఇంకోటి చేయించారు. రెండుసార్లూ సభ పని సభ చేసుకుపోయింది.

మార్చలేనివి వేరే ఉన్నాయి. అవి చూడ్డానికి అంత బాగుండవు. ఒక తోలు పత్రం మీద గీకి మళ్లీ రాసిన అక్షరాలు, రాజు స్వయంగా చింపేసిన ఒక పేజీ తాలూకు ఖాళీ, ఒక విగ్రహం బూటుకు విరిగిపోయిన ముక్క, బాంబు దెబ్బకు పెచ్చులూడిన ఒక రాతి ద్వారం. ఏ దేశ పార్లమెంటైనా తన గొప్పతనాన్ని చూపించే వస్తువులు దాచుకుంటుంది. బ్రిటిష్ పార్లమెంటు ఉండే వెస్ట్‌మినిస్టర్ సేకరణలో అసలు విలువైనవి మాత్రం దెబ్బ తిన్నవే. ఎందుకంటే ఆ దెబ్బే అక్కడ సాక్ష్యం.

వాటిలో మొదట చెప్పుకోవలసింది మొదటి చార్లెస్ రాజు మరణశిక్ష ఉత్తర్వు. 1649 జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాల్లో రాజు మీద విచారణ మొదలైంది. 27న శిక్ష ప్రకటించారు. 29వ తేదీతో ఈ ఉత్తర్వు వెలువడింది. మరుసటి రోజు ఉదయం పదింటికీ సాయంత్రం ఐదింటికీ మధ్య, వైట్‌హాల్ ముందు బహిరంగ వీధిలో, రాజు తలను మొండెం నుంచి వేరుచేయాలని ముగ్గురు సైనికాధికారులకు ఆదేశం. అంతా ఒకే ఒక్క పార్చ్‌మెంట్ ముక్క మీద ఉంది. పార్చ్‌మెంట్ అంటే జంతువు చర్మాన్ని శుభ్రం చేసి, బిగించి ఆరబెట్టి, రాతకు పనికొచ్చేలా తయారుచేసినది. పై భాగంలో కొన్ని వరుసల రాత, దాని కింద 59 మంది సంతకాలు, సంతకాల పక్కన ఎర్ర లక్క ముద్రలు. మొదటి సంతకం విచారణకు అధ్యక్షత వహించిన జాన్ బ్రాడ్‌షాది. మూడోది పార్లమెంటు సైన్య నాయకుల్లో ఒకడైన ఆలివర్ క్రామ్‌వెల్‌ది.

ఈ పత్రాన్ని జాగ్రత్తగా చూస్తే కొన్ని చోట్ల అంతకు ముందున్న రాతను గీకేసి కొత్త మాటలు రాసినట్టు తెలుస్తుంది. చర్మం మీద సిరా కాగితం మీద లాగా ఇంకిపోదు, పైపైన పట్టుకుంటుంది. తప్పు వస్తే చిన్న కత్తితో పై పొర గీకి మళ్లీ రాయడం ఆ రోజుల్లో గుమాస్తాలకు మామూలే. కానీ ఇది మామూలు పత్రం కాదు. ఒక రాజు ప్రాణం తీసే కాగితంలో దిద్దుబాట్లు ఎందుకు వచ్చాయి? ఉత్తర్వును ముందే రాసిపెట్టి, కొందరితో ముందే సంతకాలు చేయించి, తీరా శిక్ష అమలు చేసే రోజు ఖాయమయ్యాక తేదీలూ పేర్లూ మార్చి ఉంటారని చరిత్రకారులు చాలాకాలంగా అనుమానిస్తున్నారు. కొత్తగా ఇంకో పత్రం రాయొచ్చు కదా అంటే, సంతకాలు మళ్లీ సేకరించాలి. ఒకసారి సంతకం పెట్టినవాడు రెండోసారి పెడతాడన్న నమ్మకం ఏముంది? ఆ గీకుళ్ల వెనక ఎంత హడావుడి, ఎంత టెన్షన్ ఉన్నాయో అచ్చులో వచ్చిన నకలు చదివితే తెలియదు. అసలు పత్రం మిగిలింది కాబట్టే ఆ ప్రశ్న వేయగలుగుతున్నాం.

సంతకాల్లో రిచర్డ్ ఇంగోల్డ్స్‌బీది ఒకటుంది. రాజరికం తిరిగొచ్చాక ఆయన చెప్పుకున్న కథ ఏమిటంటే, తనకు సంతకం పెట్టడం ఇష్టం లేదని, క్రామ్‌వెల్ బలవంతంగా చెయ్యి పట్టుకుని రాయించాడని. ఆయనకు క్షమాభిక్ష దొరికింది. పత్రం మీద ఆయన సంతకం మాత్రం ఎక్కడా వంకర పోకుండా సాఫీగా ఉంది. ఎవరో చెయ్యి పట్టి రాయిస్తే అలా వస్తుందా? మూడున్నర శతాబ్దాలు దాటినా ఆ పేరు ఆయన మాటకు ఎదురు సాక్ష్యం చెబుతూనే ఉంది.

ఇంత ముఖ్యమైన పత్రం పార్లమెంటు చేతికి వచ్చిన తీరు ఇంకా కలవరపెడుతుంది. దీన్ని ఎవరూ భక్తితో భద్రపరచలేదు. ఉత్తర్వు అందుకున్న ముగ్గురిలో ఒకడైన కల్నల్ ఫ్రాన్సిస్ హ్యాకర్ ఇంట్లో అది పదకొండేళ్లు పడి ఉంది. 1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కాడు. తండ్రిని చంపినవాళ్ల వేట మొదలైంది. అప్పటికే జైల్లో ఉన్న హ్యాకర్‌ను ఎగువ సభ, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్, ప్రశ్నిస్తే పత్రం తన భార్య దగ్గరుందని చెప్పాడు. ఆమె తెచ్చి అప్పగించింది. భర్తకు మేలు జరుగుతుందని ఆశపడి ఉంటుంది. సంతకం పెట్టినవాళ్లెవరో తేల్చడానికి లార్డ్స్‌కు అంతకన్నా మంచి ఆధారం ఏముంటుంది? ఆ ఏడాది అక్టోబరులో కొందరు సంతకందారులను చంపించారు. సంతకం పెట్టకపోయినా, ఉత్తర్వును దగ్గరుండి అమలు చేయించిన హ్యాకర్‌నూ ఉరి తీశారు. 1658లోనే చనిపోయిన క్రామ్‌వెల్‌ను కూడా వదల్లేదు. 1661 జనవరి 30న, సరిగ్గా రాజు తల తెగిన రోజునే, ఆయన శవాన్ని, బ్రాడ్‌షా శవాన్ని సమాధుల్లోంచి తీయించి వేలాడదీశారు. అంటే ఈ పత్రం మొదట ఒక రాజును చంపడానికి పనికొచ్చింది, తరువాత ఆ రాజును చంపినవాళ్లను చంపడానికి పనికొచ్చింది. ఆ కేసు కోసమే అది లార్డ్స్ రికార్డుల్లోకి చేరింది, అక్కడే ఉండిపోయింది.

ఇది ఉన్న వస్తువు చెప్పే సాక్ష్యం. లేని వస్తువు చెప్పే సాక్ష్యం 1621 నాటి కామన్స్ జర్నల్‌లో ఉంది. జర్నల్ అంటే సభలో ఏ రోజు ఏం జరిగిందో గుమాస్తా రాసే పుస్తకం. దేశ వ్యవహారాల మీద సభలో స్వేచ్ఛగా మాట్లాడటం తమ జన్మహక్కు అని సభ్యులు ఆ ఏడాది డిసెంబరు 18న ఒక ప్రకటన చేసి జర్నల్‌లో ఎక్కించారు. మొదటి జేమ్స్ రాజుకు ఆ మాట మింగుడుపడలేదు. తన దయ వల్ల దక్కిన సౌకర్యాన్ని వీళ్లు హక్కు అంటున్నారేమిటని ఆయన కోపం. పుస్తకం తెప్పించుకుని, డిసెంబరు 30న తన సలహాదారుల ముందు ఆ పేజీ తన చేత్తోనే చింపేశాడు. కొన్నాళ్లకే పార్లమెంటును రద్దు చేశాడు. కానీ ప్రకటన నకళ్లు బయట ఉండటంతో అందులో ఏముందో లోకానికి తెలుసు. కాబట్టి చింపడం వల్ల ఆయన ఒక్క మాటను కూడా చెరపలేకపోయాడు. పైగా, ఆ మాటలకు ఆయన ఎంత భయపడ్డాడో చెప్పే రుజువు ఇంకోటి తయారైంది. ఆ పేజీ చిరగకుండా ఉంటే వేల పేజీల్లో ఒకటిగా ఉండేది.

ఆయన కొడుకు చార్లెస్ 1642 జనవరి 4న సైనికులను వెంటబెట్టుకుని ఏకంగా సభలోకే వచ్చాడు, ఐదుగురు సభ్యులను పట్టుకుపోవడానికి. వాళ్లు ముందే తప్పించుకున్నారు. వాళ్లెక్కడని అడిగితే, సభ ఆదేశిస్తే తప్ప ఇక్కడ తనకు చూడటానికి కళ్లు గాని, మాట్లాడటానికి నాలుక గాని లేవని స్పీకర్ విలియం లెంతాల్ జవాబిచ్చాడు. ఈ జవాబు చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. ఆ రోజు జర్నల్‌లో ఉన్నది మాత్రం వేరు. రాజు వచ్చి స్పీకర్ కుర్చీలో కూర్చున్నాడని గుమాస్తా రాశాడు. ‘పెద్దమనుషులారా, ఈ పని మీద మీ దగ్గరకు రావలసి వచ్చినందుకు విచారిస్తున్నాను’ అన్న రాజు మొదటి మాటలు రాశాడు. అక్కడితో కలం ఆగిపోయింది. కొంత ఖాళీ, ఆ తరువాత సభను మర్నాటికి వాయిదా వేశారన్న ఒక్క ముక్క. రాజు మాటలు రాయడం తన పనా కాదా, రాస్తే ఏమవుతుంది, రాయకపోతే ఏమవుతుంది? ఎదురుగా రాజు, గుమ్మం దగ్గర కత్తులతో మనుషులు. ఆ గుమాస్తా పడ్డ ఇబ్బంది ఆ ఖాళీలో అలాగే ఉంది. స్పీకర్ ధైర్యం గురించి చెప్పేటప్పుడు ఈ ఖాళీ గురించి కూడా చెప్పాలి. ఆ గదిలో నిజంగా ఎంత భయం ఉందో తెలిస్తే గాని ఆ జవాబు బరువు తెలియదు.

ఇవన్నీ ఇవాళ మిగిలాయంటే ముందుచూపు కన్నా అదృష్టమే ఎక్కువ పనిచేసింది. పూర్వం ప్రభుత్వ ఖజానా లెక్కలకు ‘టాలీ’ కర్రలు వాడేవారు. ఎంత సొమ్ము ముట్టిందో గాట్లు పెట్టి, కర్రను నిలువునా చీల్చి, ఇద్దరూ చెరో సగం ఉంచుకునేవారు. తేడా వస్తే రెండు సగాలూ పక్కపక్కన పెట్టి గాట్లు కలుస్తాయో లేదో చూసేవారు. ఆ పద్ధతి పోయాక మూలన పడ్డ కర్రలను వదిలించుకుందామని 1834 అక్టోబరు 16న రెండు బండ్ల కర్రలు లార్డ్స్ కింద ఉన్న పొయ్యిల్లో వేసి రోజంతా తగలబెట్టారు. మధ్యాహ్నం భవనం చూడ్డానికి వచ్చినవాళ్లు కాళ్ల కింద నేల వేడిగా ఉందని చెప్పారు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికల్లా పార్లమెంటు భవనం అంటుకుంది. కామన్స్ రికార్డులు దాదాపు అన్నీ కాలిపోయాయి. జర్నల్ పుస్తకాలను మాత్రం కిటికీల్లోంచి కింద వీధిలోకి విసిరేసి కాపాడారు. రాజు పేజీ చింపిన పుస్తకమూ, గుమాస్తా ఖాళీ వదిలిన పుస్తకమూ అలా బతికిపోయాయి. లార్డ్స్ రికార్డులకు ఏమీ కాలేదు. 1621 నుంచి వాటిని వీధికి అవతల జ్యువెల్ టవర్ అనే చిన్న రాతి కట్టడంలో ఉంచడమే కారణం. దేశం మొత్తానికీ ప్రమాణమైన గజం కడ్డీ, పౌను బరువు కూడా ఆ రోజు పార్లమెంటులోనే ఉండి మంటల్లో పాడైపోయాయి. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమపడి కొత్త ప్రమాణాలు తయారుచేశాక, ఈసారి వాటి నకళ్లను ఒక చోట కాకుండా వేర్వేరు చోట్ల పెట్టారు. ఒక జతను కొత్త పార్లమెంటు గోడలోనే పెట్టి కట్టేశారు.

కొత్త భవనంలో వాస్తుశిల్పి చార్లెస్ బారీ ఒక మూల విక్టోరియా టవర్ అనే 98 మీటర్ల పైచిలుకు గోపురం కట్టాడు. అది హంగు కోసం కాదు, రికార్డుల కోసం. 1497 నుంచి పార్లమెంటు చేసిన చట్టాల అసలు ప్రతులు, సుమారు 64,000, తరతరాలు అందులోనే ఉండేవి. 19వ శతాబ్దం మధ్య దాకా చట్టం అంటే తోలు చుట్ట. అరల నిండా లావువీ సన్నవీ చుట్టలు. అన్నిటికన్నా పొడవైనది 1821 నాటిది, విప్పితే 348 మీటర్లు. అందులో ఏదో మహత్తర శాసనం ఉందనుకుంటే పొరపాటు. ఊరూరా భూమి పన్ను చూసే కమిషనర్ల పేర్లవి.

దాని పక్కన 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టాన్ని ఊహించుకోవాలి. 20 సెక్షన్లు, మూడు షెడ్యూళ్లు. జులై 4న బిల్లు సభకు వచ్చింది, 18న రాజు ఆమోదం పొందింది. రెండు వారాలు. ఆగస్టు 15 నుంచి రెండు స్వతంత్ర డొమినియన్లు ఏర్పడతాయని మొదటి సెక్షన్‌లోనే తేలిపోతుంది. పంజాబు, బెంగాలు విభజన తరువాతి కొద్ది సెక్షన్లలో అయిపోతుంది. పన్ను కమిషనర్ల పేర్లకు 348 మీటర్లు పట్టింది. కోట్ల మంది ఇళ్లూ ఊళ్లూ ఏ దేశంలో పడతాయో తేల్చడానికి కొన్ని పుటలు చాలాయి. తొందరపాటుకు ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. అసలు ప్రతిని చరిత్ర విద్యార్థులు చూడాల్సింది ఇందుకే, స్వాతంత్ర్యం ఇచ్చిన పత్రమన్న గౌరవంతో కాదు.

1833 నాటి బానిసత్వ నిర్మూలన చట్టం కూడా ఇలాంటిదే. దాన్ని తలచుకునేటప్పుడు విముక్తి గురించే చెబుతారు. చట్టంలోకి వెళితే, యజమానులకు నష్టపరిహారంగా 2 కోట్ల పౌన్లు కేటాయించిన సెక్షన్లు కనబడతాయి. బానిసలుగా బతికినవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు సరికదా, మరికొన్నేళ్లు అప్రెంటిస్‌ల పేరుతో అదే యజమానుల దగ్గర పనిచేయాలని కూడా రాశారు. మంచి చట్టమని పేరుపడ్డ దాని కడుపులోనే ఆ అన్యాయం రాతపూర్వకంగా ఉంది.

చట్టాలను ఇంకా దూడ చర్మం మీద అచ్చువేయడం అవసరమా అని ఇటీవల పెద్ద చర్చే జరిగింది. ఆపేస్తే ఏడాదికి సుమారు 80,000 పౌన్లు మిగులుతాయని లార్డ్స్ వైపు లెక్క. 2016లో కామన్స్ సభ్యులు ఆపవద్దని ఓటు వేశారు. చివరికి 2017లో రాజీ కుదిరింది. లోపల మంచి కాగితం, పైన అట్టలు మాత్రం చర్మంతో. ఇది రెండింటికీ చెడ్డ రాజీ. చర్మం విలువ అట్టగా అందంగా ఉండటంలో లేదు, రాతను శతాబ్దాల పాటు మోయడంలో ఉంది. రాత కాగితం మీదికి వెళ్లాక అట్ట అలంకారమే.

ఇక భవనంలోనే ఉండిపోయిన గాయాలు. 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబులు కామన్స్ సభాభవనాన్ని నేలమట్టం చేశాయి. తిరిగి కట్టేటప్పుడు సభ గుమ్మాన్ని కొత్త రాయితో కాకుండా, దెబ్బతిన్న పాత రాళ్లతోనే నిలబెట్టాలని చర్చిల్ పట్టుబట్టాడు. పెచ్చులూడిన ఆ ద్వారం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. 1950లో తెరిచిన కొత్త సభకు కామన్వెల్త్ దేశాలు సామాన్లు కానుకగా పంపాయి. స్పీకర్ కుర్చీ ఆస్ట్రేలియా ఇచ్చింది, బల్ల కెనడా, మంత్రులు మాట్లాడేటప్పుడు ముందుండే పెట్టెలు న్యూజిలాండ్. సభ తలుపులు భారత్, పాకిస్తాన్ ఇచ్చాయి. మూడేళ్ల కిందటే విడిపోయిన రెండు దేశాల పేర్లు ఆ తలుపుల దగ్గర కలిసే వినిపిస్తాయి.

అక్కడికి దగ్గర్లోనే సెయింట్ స్టీఫెన్స్ హాల్లో ఫాక్‌లాండ్ ప్రభువు పాలరాతి విగ్రహం ఉంది. గుర్రపు స్వారీ బూటు మడమకు ఉండే స్పర్ అనే ముల్లు విరిగిపోయి ఉంటుంది. 1909 ఏప్రిల్ 27న ఓటు హక్కు కోసం పోరాడుతున్న మహిళలు ఈ హాల్లోని విగ్రహాలకు గొలుసులతో తమను కట్టేసుకున్నారు. గొలుసు కోసి ఒకామెను విడిపించేటప్పుడు ఆ ముక్క విరిగింది. దాన్ని అతికించడం ఏ శిల్పికైనా చిన్న పనే. అతికించకపోవడమే మంచిదైంది. అతికించి ఉంటే ఫాక్‌లాండ్ విగ్రహం దగ్గర ఎవరూ ఆగేవారు కాదు. అంతకు ముందు ఏడాది మరో ఇద్దరు మహిళలు గ్యాలరీలో ఇనుప జాలీకి గొలుసులు వేసుకున్నారు. సభ చూడ్డానికి వచ్చే ఆడవాళ్లు సభ్యులకు కనబడకుండా అడ్డంగా కట్టిన జాలీ అది. తాళాలు రాకపోవడంతో వాళ్లతో పాటు జాలీని కూడా ఊడదీసి బయటికి మోసుకెళ్లాల్సి వచ్చింది. 1917లో జాలీలు పూర్తిగా తీసేశారు. కానీ పారేయలేదు, సెంట్రల్ లాబీ కిటికీలకు బిగించారు. అదే పోరాటంలో ఉన్న ఎమిలీ డేవిసన్ 1911 జనాభా లెక్కల రాత్రి తన చిరునామా పార్లమెంటు అని నమోదు కావాలని కింది ప్రార్థనా మందిరంలో చీపుర్లు పెట్టుకునే అల్మరాలో దాక్కుంది. దానికి గుర్తుగా ఎనభై ఏళ్ల తరువాత పలక పెట్టింది కూడా సభా సిబ్బంది కాదు, టోనీ బెన్ అనే సభ్యుడు తనంతట తాను బిగించాడు.

విరిగిన ముక్కను అలాగే వదిలేస్తే అది నిజం చెబుతుంది. చిక్కంతా బాగా మెరుస్తూ ఉన్న వస్తువులతోనే. అదే సెయింట్ స్టీఫెన్స్ హాల్లో, బ్రిటన్ నిర్మాణం అన్న వరుసలో, 1920ల చివర గీయించిన పెద్ద గోడ చిత్రాలున్నాయి. విలియం రోథెన్‌స్టైన్ గీసిన ఒక దానిలో రాజదూత సర్ థామస్ రో అజ్మీర్‌లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ ముందు నిలబడి ఉంటాడు. మర్యాదతో, దృఢత్వంతో వ్యవహరించి ఆయన భారతదేశంలో బ్రిటిష్ పలుకుబడికి పునాది వేశాడని కింద రాతలో ఉంటుంది. పక్కనే 1614 అన్న తేదీ. రో ఇంగ్లండులో ఓడ ఎక్కిందే 1615లో. జహంగీర్ దర్బారులో అడుగుపెట్టింది 1616 జనవరిలో. మూడేళ్లు పడిగాపులు పడి కూడా తాను కోరుకున్న సమగ్ర ఒప్పందం సాధించలేక 1619లో తిరిగి ఓడ ఎక్కాడు. ఈస్టిండియా కంపెనీ అప్పటికి మొఘల్ అధికారుల దయ మీద బతికే వ్యాపారుల గుంపు. మూడు వందల ఏళ్ల తరువాత సామ్రాజ్యం కళ్లతో వెనక్కి చూసి గీసిన బొమ్మ కాబట్టి, అడుక్కోవడానికి వచ్చినవాడు అందులో పునాది వేసినవాడయ్యాడు.

దీన్ని తీసేయాలా అంటే అక్కర్లేదు. 1920ల పార్లమెంటు తనను తాను ఎలా చూసుకుందో చెప్పడానికి ఇది మంచి సాక్ష్యమే. కానీ విరిగిన స్పర్ లాగా ఇది తనంతట తాను సంగతి చెప్పదు. జేమ్స్ చింపిన పేజీ విషయంలో చదివేవాడికి ఖాళీ కనిపిస్తుంది, అనుమానం వస్తుంది, ఎందుకని అడుగుతాడు. ఈ చిత్రం ముందు నిలబడినవాడికి ఏ అనుమానమూ రాదు. అందుకే సరైన తేదీ, రో కోరుకున్న ఒప్పందం దొరక్కుండానే వెనుదిరిగిన సంగతి, బొమ్మ గీయించిన కాలం, ఈ మూడూ రాసిన పలక చిత్రం పక్కనే, కింద రాతంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.